పాస్‌వర్డ్ మరిచిపోతే ఫార్మాట్ ఎందుకు?

“ఫార్మేట్ కొట్టేద్దాం బాబూ, గంటలో అయిపోద్ది.” పాస్‌వర్డ్ మరిచిపోయిన కంప్యూటర్ని రిపేరు కొట్టుకి తీసుకెళ్తే, శ్రీకాకుళమైనా విజయనగరమైనా, బల్ల మీద పెట్టీపెట్టకముందే తరచుగా వినిపించే మాట ఇది. ఫార్మాట్ అంటే డిస్క్‌ని చెరిపేసి విండోస్‌ని మళ్లీ ఎక్కించడం. దాని వెనకే ఓ ప్రశ్న వస్తుంది: “సీ డ్రైవ్‌లో ఏటైనా ఉన్నాయా?” తెచ్చినవారు కాసేపు ఆలోచించి “సీలో ఏటీ లేవు, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి” అంటారు. ఆ డెస్క్‌టాప్ ఉండేదే విండోస్ ఉండే ఆ సీ డ్రైవ్‌లో అని వాళ్లకి తెలీదు. అవతలివారు ఇంకోసారి అడగరు. గంట తర్వాత కంప్యూటర్ కొత్తదానిలా తెరుచుకుంటుంది. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు, పలాస జీడిపప్పు వ్యాపారి ఏళ్లతరబడి రాసుకున్న ట్యాలీ లెక్కలు మాత్రం కనిపించవు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోకూడదని మన పెద్దలు చెప్పింది ఇలాంటివాటి గురించే. పాస్‌వర్డ్ మరిచిపోవడం వల్ల ఫైళ్లకి ఏ హానీ జరగదు. హాని జరిగేది ఆ తర్వాత కంగారులో చేసే పనుల వల్ల. ఫార్మాట్ నిజంగా తప్పనిసరయ్యే సందర్భం నాకు తెలిసి ఒక్కటే ఉంది: డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి మారి) ఉండి, దాన్ని తెరిచే రికవరీ కీ ఎక్కడా దొరకనప్పుడు. మిగతా అన్ని సందర్భాల్లోనూ సామాను, అంటే ఫైళ్లు, భద్రంగా బయటికి వస్తుంది. మనది ఏ సందర్భమో తెలుసుకోవడానికి పది నిమిషాలు ఓపిగ్గా తెర వైపు చూస్తే చాలు.

నిజంగా మరిచిపోయారా?

మొదట చూడాల్సింది కీబోర్డుని. క్యాప్స్ లాక్ సంగతి అందరికీ తెలుసు. పిన్‌ని కుడిచేతి వైపు అంకెల మీటలతో కొట్టేవారు నమ్ లాక్ కూడా చూసుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు తెలుగు కీబోర్డు. ఇంట్లో ఎవరో తెలుగు టైపింగ్ కోసం ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటారు. ఒక్కోసారి లాగిన్ తెర కూడా ఆ తెలుగు కీబోర్డుతోనే వచ్చి కూర్చుంటుంది. పాస్‌వర్డ్ గడిలో పడేవి చుక్కలే కాబట్టి లోపల తెలుగు అక్షరాలు పడుతున్నాయని బయటికి తెలీదు. తెర కింద కుడివైపు మూలన భాష గుర్తు ఉంటుంది, చూడండి. విండోస్ మీట పట్టుకుని స్పేస్ నొక్కితే భాష మారుతుంది. గడి చివర ఉండే కన్ను బొమ్మ నొక్కి పట్టుకుంటే కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి. పాస్‌వర్డ్‌లో ‘ఎట్’ గుర్తు ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. కీబోర్డు బ్రిటన్ ఇంగ్లిషులో ఉంటే ఆ గుర్తు మీటా, రెండు కొటేషన్ల గుర్తు మీటా ఒకదాని చోటికి ఇంకొకటి వెళ్లిపోతాయి.

రెండోది, పిన్‌కీ పాస్‌వర్డ్‌కీ మధ్య గందరగోళం. కొన్నరోజున పాస్‌వర్డ్ పెట్టారు, అదే రోజు నాలుగంకెల పిన్ కూడా పెట్టారు, అప్పట్నుంచీ పిన్‌తోనే తెరుస్తున్నారు. అలాంటివారు మరిచిపోయింది పాస్‌వర్డ్ ఒక్కటే. లాగిన్ తెర మీద ‘సైన్-ఇన్ ఆప్షన్స్’ నొక్కితే పిన్ గడి, పాస్‌వర్డ్ గడి విడివిడిగా వస్తాయి.

ఊహించి ఊహించి కొట్టడం మాత్రం మానేయండి. విండోస్ 11లో 22హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో 10 సార్లు తప్పు కొడితే ఖాతా 10 నిమిషాలు బిగుసుకుపోతుంది. ఆ పదినిమిషాల్లో కొట్టేది సరైన పాస్‌వర్డే అయినా తీసుకోదు. సరైనదే కొట్టి, అది పని చేయలేదనుకుని, అదికాదని పక్కన పెట్టేసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ప్రయత్నించిన ప్రతిదీ కాగితం మీద రాసుకోండి.

తాళం ఏ రకం?

తప్పు పాస్‌వర్డ్ కొట్టగానే విండోస్ ఏమంటుందో చదవండి. ‘మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డే వాడుతున్నారో లేదో చూసుకోండి’ అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం కనిపిస్తే, తాళం అసలు మీ ఇంట్లో లేదు, మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంది. ఉత్తినే పాస్‌వర్డ్ తప్పని చెప్పి, కింద ‘రీసెట్ పాస్‌వర్డ్’ చూపిస్తే అది లోకల్ ఖాతా, అంటే ఆ కంప్యూటర్లోనే ఉండే ఖాతా.

మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే పని తేలిక. ఏ ఫోన్‌లోంచైనా ఆ ఖాతా సైటుకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. కోడ్ ఫోన్ నంబరుకో, ఇంకో ఈమెయిల్‌కో వస్తుంది. మార్చాక కూడా కంప్యూటర్ తెరుచుకోలేదని కంగారు పడేవారు ఎక్కువ. కొత్త పాస్‌వర్డ్ కంప్యూటర్‌కి చేరాలంటే దానికి ఇంటర్నెట్ ఉండాలి. లాగిన్ తెర మీదే వైఫై గుర్తు ఉంటుంది, ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చినా సరిపోతుంది.

మన జిల్లాల్లో ఈ దారి తరచుగా మూసుకుపోయేది ఫోన్ నంబరు దగ్గర. ఖాతా తెరిచింది హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉన్న కొడుకు. అందులో ఇచ్చింది వెళ్లకముందు వాడిన సిమ్. రీఛార్జి లేక ఆ నంబరు ఎప్పుడో పోయింది. రద్దయిన నంబరుని 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు కాబట్టి కోడ్ ఏ ఊళ్లో ఎవరి ఫోన్‌కి వెళ్తోందో చెప్పలేం. అప్పుడు మిగిలేది ఖాతా రికవరీ ఫారం. దాన్ని అంతకుముందు ఆ ఖాతా వాడిన ఫోన్‌లోంచో కంప్యూటర్‌లోంచో, మామూలుగా వాడే చోటునుంచే నింపితే నమ్మకం ఎక్కువ కుదురుతుంది. కొడుకు పాత ఫోన్ ఇంట్లో ఓ మూల పడి ఉంటే అది ఇప్పుడు పనికొస్తుంది.

లోకల్ ఖాతా అయితే భద్రతా ప్రశ్నలు మూడు అడుగుతుంది. ఈ పద్ధతి విండోస్ 10 1803 వెర్షన్‌తో వచ్చింది. ఆ ప్రశ్నల జాబితా మన ఇళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. పుట్టిన ఊరు ఏది? విజయనగరం. ఇంగ్లిషులో ఎలా రాశారు? రైల్వేస్టేషన్ బోర్డు మీద ఉన్నట్టు జెడ్, ఐలతోనా, పలికినట్టు జె, ఎ, వైలతోనా? శ్రీకాకుళంలో ‘శ్రీ’కి ఒక ‘ఐ’ పెట్టారా, రెండు ‘ఈ’లు పెట్టారా? చిన్నప్పటి ముద్దుపేరు బుజ్జి, దాని చివర ‘ఐ’నా, ‘వై’నా? అందరికంటే పెద్ద కజిన్ పేరేమిటి? పెదనాన్న కొడుకు మనకి అన్నయ్యే, మేనత్త కొడుకు బావ. జవాబు పెట్టినరోజున ఇందులో ఎవరిని కజిన్ అనుకున్నారో ఎవరికి గుర్తుంటుంది? యంత్రం స్పెల్లింగునే చూస్తుంది. అందుకని ఒక్కో జవాబుకి సాధ్యమైన స్పెల్లింగులన్నీ ముందు కాగితం మీద రాసి, ఒక్కొక్కటే ప్రయత్నించాలి. ఇలా తెరుచుకునే కంప్యూటర్లు చాలా ఉంటాయి.

ఇంకో స్థితి ఉంది, దాన్ని అనవసరంగా ప్రమాదం అనుకుంటారు. రోజూ వాడే ఖాతా తెరుచుకుంటుంది, కానీ ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోయినా అడ్మిన్ (కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా) పాస్‌వర్డ్ అడుగుతుంది. అది మరిచిపోయారు. ఇక్కడ తొందర ఏమీ లేదు. లోపలే ఉన్నారు కాబట్టి ముందు ఫైళ్లన్నీ ఓ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ కంప్యూటర్లో ఇంకెవరి పేరు మీదైనా అడ్మిన్ ఖాతా ఉంటే, వాళ్లు లాగిన్ అయి కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌లోంచి మార్చేయగలరు. హోమ్ ఎడిషన్‌లో ‘లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్’ ఉండదు, దాని కోసం వెతకొద్దు.

ముందు సామాను బయటికి

పై దారులేవీ కుదరలేదనుకుందాం. అప్పుడైనా మొదటి పని తాళం పగలగొట్టడం కాదు, సామాను బయటికి తీయడం. ఈ వరసని నేను పట్టుబట్టి చెప్తాను, ఎందుకంటే తాళం పగలగొట్టే ప్రతి పద్ధతిలోనూ చెయ్యి జారే చోటు ఒకటుంటుంది.

ఇంకో కంప్యూటర్లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద, విండోస్‌కి బదులు వాడే లినక్స్ రకాలైన లినక్స్ మింట్‌నో, ఉబుంటునో రూఫస్ అనే ప్రోగ్రాంతో ఎక్కించండి. తాళం పడిన కంప్యూటర్ని పూర్తిగా ఆపాలి. లాగిన్ తెర మీద పవర్ గుర్తు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ ఇవ్వండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలో ఉండిపోతుంది, లినక్స్ ఆ డిస్క్‌ని సరిగ్గా తెరవదు. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి, కంప్యూటర్ దేని మీంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ మీట కొట్టాలి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లోనూ ఎఫ్12నే, కానీ చాలా మోడళ్లలో దాన్ని ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ సొంత సెట్టింగుల్లో) ఆన్ చేయాలి. వచ్చిన తెరలో ‘ట్రై’ అంటే ఏదీ ఇన్‌స్టాల్ కాకుండా పెన్‌డ్రైవ్ మీంచే నడుస్తుంది. ‘ఇన్‌స్టాల్’ జోలికి పోవద్దు. అక్కడ చెయ్యి జారితే అదీ ఫార్మాటే.

డిస్క్ తెరుచుకుంటే యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరున్న ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. అక్కడితో ఆగొద్దు. ట్యాలీ ప్రైమ్ మామూలుగా లెక్కలు దాచేది మీ ఫోల్డర్‌లో కాదు, యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డర్ కింద, ‘డేటా’ అనే చోట. కాపీ చేసినవారు మరిచిపోయేది ఎక్కువగా దీన్నే. శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ కంప్యూటరైతే పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ నుంచి అను ఫాంట్లు కూడా తీసుకోండి. అవి లేకపోతే ఫైలు తెరిచినా తెలుగు ముక్క కనిపించదు. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు పేరు మాత్రమే కనిపించి కాపీకి మొరాయిస్తే భయపడొద్దు, అవి ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి, ఖాతా తెరిచాక దిగుతాయి.

100 జీబీ కాపీ కావడానికి పాత యూఎస్‌బీ 2 పోర్టులో దాదాపు గంట పడుతుంది. ఉద్దానం వైపు ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసిన వారికి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ల్యాప్‌టాప్ నిండా ఛార్జ్ చేసి మొదలుపెట్టండి. డెస్క్‌టాప్‌కైతే ఇళ్లలో ఉండే చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాలకి మించి ఆగదు, కాబట్టి ఒకేసారి మొత్తం కాకుండా ఫోల్డర్ వెంట ఫోల్డర్ తీసుకోండి.

డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించడం కూడా మంచి దారే. పాత ల్యాప్‌టాప్ 2.5 అంగుళాల డిస్క్ యూఎస్‌బీ కేబుల్‌తోనే నడుస్తుంది, డెస్క్‌టాప్ 3.5 అంగుళాలదానికి వేరే 12 వోల్టుల అడాప్టర్ కావాలి. సన్నటి ఎం.2 డిస్క్‌కి వేరే డబ్బీ కొనాలి. అందులో శాటాకీ, ఎన్‌వీఎంఈకీ డబ్బీలు వేరు, కొనేముందు డిస్క్ మీది చీటీ చదవండి. చవక ల్యాప్‌టాపుల్లో డిస్క్‌కి బదులు ఉండే ఈఎంఎంసీ చిప్ బోర్డుకే అతికి ఉంటుంది, ఊడదు. ఫోల్డర్ తెరిచేటప్పుడు ‘మీకు అనుమతి లేదు’ అంటే ‘కంటిన్యూ’ నొక్కండి. అవతల మీరు అడ్మిన్ అయితే తెరుచుకుంటుంది.

మదర్‌బోర్డు మీది సీఎంఓఎస్ బ్యాటరీ తీస్తే పాస్‌వర్డ్ పోతుందన్న మాట ఇంకా తిరుగుతోంది. ఆ సీఆర్2032 బిళ్లకీ విండోస్ పాస్‌వర్డ్‌కీ సంబంధమే లేదు. పాత డెస్క్‌టాపుల్లో పోయేది బయోస్ పాస్‌వర్డ్. ఇప్పటి కంప్యూటర్లలో అలా చేస్తే, ఎన్‌క్రిప్షన్ ఉన్న డిస్క్ రికవరీ కీ అడిగి కొత్త చిక్కు తెచ్చిపెట్టవచ్చు.

తాళం పగలగొడితే పోయేవి

ఫైళ్లు బయటపడ్డాక ఇక తాళం సంగతి. లోకల్ ఖాతా పాస్‌వర్డ్ తాలూకు హ్యాష్ (పాస్‌వర్డ్‌ని లెక్కగట్టి మార్చిన గుర్తు) విండోస్ సిస్టమ్32 ఫోల్డర్‌లోని ‘శామ్’ అనే ఫైల్లో ఉంటుంది. బయటినుంచి దాన్ని ఖాళీ చేసే పాత పరికరాలు ఉన్నాయి. విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి, షిఫ్ట్, ఎఫ్10 నొక్కి, లాగిన్ తెర మీది యాక్సెసిబిలిటీ ప్రోగ్రాం స్థానంలో కమాండ్ ప్రాంప్ట్‌ని పెట్టే చిట్కా కూడా కొట్లలో చాలామందికి తెలుసు. ఇది ఒక్కోసారి పని చేస్తుంది, ఒక్కోసారి విండోస్ డిఫెండర్ పసిగట్టి అడ్డుకుంటుంది. చేసేటప్పుడు సీ డ్రైవ్ అక్కడ డీగా కనిపించవచ్చు, ముందు చూసుకోవాలి. పని అయ్యాక అసలు ఫైలుని తిరిగి దాని చోట పెట్టాలి. పెట్టకుండా వదిలేస్తే ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా, పాస్‌వర్డ్ లేకుండా, అడ్మిన్ అధికారంతో ఏ పనైనా చేయగలరు. ఎవరితో చేయించుకున్నా, పూర్తయ్యాక లాగిన్ తెర మీది యాక్సెసిబిలిటీ మనిషి బొమ్మ నొక్కి చూడండి. నల్లటి కిటికీ వస్తే పని సగంలోనే ఉందని లెక్క.

దీనికి ఇంకో మూల్యం ఉంది, అది ముందుగా చెప్పేవారు తక్కువ. పాత పాస్‌వర్డ్ తెలియకుండా బలవంతంగా మారిస్తే, ఆ పాత పాస్‌వర్డ్‌తో ముడిపడిన రహస్యాలు విండోస్ తెరవలేదు. విండోస్‌లోని ఈఎఫ్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో గుప్తంగా పెట్టుకున్న ఫైళ్లు, క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు అందులోవే. వాటిలో బ్యాంకు, విద్యుత్ బిల్లు, జీఎస్టీ లాగిన్లు ఉంటే మళ్లీ మొదట్నుంచీ తెచ్చుకోవాలి. క్రోమ్‌ని గూగుల్ ఖాతాతో సింక్ చేసుకున్నవారికి ఈ నష్టం ఉండదు. పాస్‌వర్డ్ తర్వాత గుర్తొస్తే, దాన్నే మళ్లీ పెడితే ఈ రహస్యాలు తిరిగి తెరుచుకునే అవకాశం ఉంది. అందుకే పాత యూజర్ ఫోల్డర్ని వెంటనే చెరిపేయొద్దు.

48 అంకెలు

ఇంత చెప్పాక ఎవరికైనా వచ్చే సందేహం ఒకటుంది. పెన్‌డ్రైవ్‌తో ఇంత తేలిగ్గా ఫైళ్లు బయటికి వస్తే, ఇక పాస్‌వర్డ్ దేనికి? న్యాయమైన ప్రశ్నే. విండోస్ పాస్‌వర్డ్ వీధి తలుపు గడియ లాంటిది. ఇంట్లోవాళ్లనీ, పక్కింటి పిల్లల్నీ ఆపుతుంది, పెరటి గోడ దూకేవాణ్ని ఆపదు. గోడ దూకేవాణ్ని ఆపేది ఎన్‌క్రిప్షన్.

ఆ ఎన్‌క్రిప్షన్ ఇప్పుడు మనం అడక్కుండానే వస్తోంది. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 24హెచ్2ని కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే, హోమ్ ఎడిషన్‌లో కూడా చాలా కంప్యూటర్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తాను ఆన్ అవుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. కాబట్టి ఇకమీదట కొట్టుకి వచ్చే కంప్యూటర్లలో ఇలాంటివి పెరుగుతాయే తప్ప తగ్గవు. వాటిలో లినక్స్ పెన్‌డ్రైవ్ పెడితే డిస్క్ పక్కన తాళం బొమ్మ కనిపిస్తుంది. తెరవాలంటే ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెల రికవరీ కీ ఇవ్వాలి. అది పోతే మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి తయారుచేసి ఇవ్వలేదు.

ఆ కీ ఎక్కడుంటుంది? కంప్యూటర్ని మొదట ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టారో ఆ ఖాతాలో. ఫార్మాట్ మీద నా అభ్యంతరానికి అసలు కారణం ఇక్కడుంది. ఫార్మాట్ చేసి విండోస్ 11 ఎక్కించే కుర్రాడు, మీ ఈమెయిల్ తెలియక, తన ఖాతాతోనే మొదలుపెట్టి ఇచ్చాడనుకోండి. అతను చెడ్డవాడేమీ కాదు, పని త్వరగా కావాలనుకున్నాడు. మీ డిస్క్ కీ అతని ఖాతాలో పడింది. రెండేళ్ల తర్వాత బయోస్ అప్‌డేట్ అయ్యి నీలం తెర మీద 48 అంకెలు అడిగితే, ఆ కుర్రాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. ఫార్మాట్ చేయించుకున్నవారు ఇంటికొచ్చిన రోజే సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, అక్కడ ఎవరి ఈమెయిల్ ఉందో చూడాలి.

ఈ ఎన్‌క్రిప్షన్ మంచిదా చెడ్డదా అన్న దగ్గర నేనింకా పూర్తిగా ఓ నిర్ణయానికి రాలేదు. విశాఖలోనో చెన్నైలోనో చదివే పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకుని ఆమదాలవలసలో రైలెక్కుతారు. వాళ్లకి అది ఉండి తీరాలి. పోయిన ల్యాప్‌టాప్‌లో ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు, ఇంటి ఫొటోలు ఉంటాయి. కానీ ఊళ్లో ముసలి తల్లిదండ్రులు మాత్రమే ఉండే ఇంట్లో, ఎక్కడికీ కదలని డెస్క్‌టాప్ సంగతి వేరు. అక్కడ దొంగతనం కంటే కీ పోవడమే ఎక్కువ జరిగే ప్రమాదం. కీని దాచే మనిషి లేని ఇంట్లో దాన్ని ఆపేయడమే మేలని ఇప్పటికి నాకనిపిస్తోంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే మీట ఉంటుంది.

కొట్టువాళ్ల వైపు నుంచి

రిపేరు చేసేవారి మాటలోనూ న్యాయం ఉంది. తెచ్చినవారు ఆ కంప్యూటర్ యజమానే అని వాళ్లకెలా తెలుస్తుంది? తాళం తెరిచి ఇచ్చాక అది దొంగసొత్తని తేలితే జవాబు చెప్పాల్సింది వాళ్లే. ఫార్మాట్ చేస్తే ఎవరి ఫైళ్లూ ఎవరి చేతికీ వెళ్లవు, వైరస్‌లు కూడా పోతాయి, మళ్లీ ఫిర్యాదు రాదు. పైగా రెండు గంటలు కూర్చుని ఫైళ్లు కాపీ చేసినందుకు విడిగా డబ్బులిచ్చేవారు తక్కువ. నేనడిగేది ఒక్కటే. బిల్లు చూపించమనండి, కాపీకి విడిగా డబ్బు తీసుకోండి, కానీ ‘సీలో ఏటైనా ఉన్నాయా’ అని కాకుండా ‘ఫొటోలు, లెక్కలు, సర్టిఫికెట్లు ఏవైనా ఉన్నాయా’ అని అడగండి. ఆ ప్రశ్నకి ప్రతి మనిషీ సరైన జవాబే చెప్తాడు.

ఇవ్వడానికి వెళ్లేవారు కూడా రెండు మాటలు ముందే అనాలి: “నాకు ఫైళ్లు కావాలి. బయోస్‌లో ఏదీ మార్చకండి, టీపీఎం క్లియర్ చేయకండి.” టీపీఎం అంటే కంప్యూటర్లో తాళాలు దాచే భద్రతా చిప్. దాన్ని క్లియర్ చేస్తే పిన్ పోతుంది, ఎన్‌క్రిప్షన్ ఉంటే 48 అంకెలు తప్ప ఇంకో దారి మిగలదు.

కంప్యూటర్ తెరుచుకున్న రోజే చేయాల్సిన పని పావుగంటది. ఇంట్లో ఇంకొకరి పేరు మీద రెండో అడ్మిన్ ఖాతా పెట్టండి. ఓ కాగితం మీద ఖాతా ఈమెయిల్, పాస్‌వర్డ్, కోడ్ వచ్చే ఫోన్ నంబరు, భద్రతా ప్రశ్నల జవాబులు సరిగ్గా ఏ స్పెల్లింగుతో పెట్టారో అలాగే, 48 అంకెల కీ, తేదీ రాసి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకం పక్కన పెట్టండి. ఇల్లు వదిలి వెళ్లే పిల్లలు సిమ్ మార్చేముందే ఖాతాలో కొత్త నంబరు చేర్చాలి. పాత నంబరు పలుకుతుండగా చేస్తే దానికి కోడ్ వచ్చి అయిదు నిమిషాల్లో అయిపోతుంది. పాత వివరాలేవీ అందుబాటులో లేకుండా అన్నీ మార్చాల్సి వస్తే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆగమంటుంది.